తోక ముక్కే కదా అన్నావు

చి. కిరణ్‌కి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటో చూశాను. క్రాస్‌బో (ట్రిగ్గర్ ఉన్న అడ్డవిల్లు) సెకండ్ హ్యాండ్‌దే అయినా లింబులు, అంటే వంగే రెండు చేతులు, శుభ్రంగానే ఉన్నాయి. పక్కన పేర్చిన ఆరు బోల్టులే, అంటే దాని పొట్టి బాణాలే, నాకు నచ్చలేదు. నారి తగిలే తోక ముక్కని నాక్ అంటారు. మూడింటికి అర్ధచంద్రం నాకులు, రెండింటికి చదును నాకులు, ఒకదానికి ఏదో ఆకుపచ్చ ప్లాస్టిక్ ముక్క. పైగా "ఏదైతేనేం మామయ్యా, తోక ముక్కే కదా" అని రాశావు. ఫోన్లో చెబితే ఊఁ కొట్టి మర్చిపోతావని ఉత్తరం రాస్తున్నాను. మొత్తం చదివేదాకా దాన్ని ఎక్కుపెట్టకు.

చేతివిల్లులో నారి మన వేళ్ళలో ఉంటుంది. నాక్ దాన్ని కరుచుకుని ఉంటుంది కాబట్టి తేడా వస్తే చేతికి తెలుస్తుంది. క్రాస్‌బోలో నారిని ట్రిగ్గర్ పెట్టెలోని లాచ్ (కొక్కెం) పట్టుకుని ఉంటుంది, బోల్ట్ దాని ముందు గాడిలో పడుకుంటుంది. మీట నొక్కగానే నూట యాభై, రెండు వందల పౌన్ల బలంతో నారి వచ్చి బోల్ట్ తోకని గుద్దుతుంది. ఆ గుద్దు నడిమధ్యన పడాలి. నారి తోక మీదినుంచి జారినా, కిందికి దూరినా బోల్ట్ ఎటో ఎగిరిపోతుంది. అది మోసుకెళ్ళాల్సిన బలమంతా తిరిగి లింబుల్లోకే వస్తుంది. దీన్నే డ్రై ఫైర్ అంటారు. లింబు చీలుతుంది, నారి తెగుతుంది, కేబుళ్ళు ఊడతాయి. పక్కన నిలబడ్డవాడికి కూడా ప్రమాదమే.

నా కథ మీ అమ్మకి కూడా చెప్పలేదు. పన్నెండేళ్ళ కిందట, ఇక్కడ ఒహాయోలో మా ఇంటి వెనకే, ఓ ఆదివారం పొద్దున. ముందురోజే సేల్‌లో అర డజను బోల్టులు కొన్నాను, అన్నీ అర్ధచంద్రం నాకులే. ఆ రకానికి వెనక ఒకే ఒక్క గాడి ఉంటుంది. అది నారికి సరిగ్గా అడ్డంగా ఉండాలంటే, వేరే రంగులో ఉన్న వేన్ (బోల్ట్‌కి అతికించిన రెక్క) విల్లు మీది గాడిలోకి దిగినప్పుడు నాక్ కూడా దానికి తగ్గట్టు కూర్చుని ఉండాలి. నేను వేన్ చూసుకున్నాను, నాక్ చూడలేదు. వదులుగా ఉండి, బోల్టుల పెట్టెలోనే కాస్త తిరిగిపోయినట్టుంది. నారికి గాడి బదులు దాని కొమ్ము తగిలింది. మీట నొక్కగానే వంటింట్లో అటక మీది ఇత్తడి గంగాళం కింద పడ్డట్టు చప్పుడు. బోల్ట్ పది అడుగుల దూరంలో గడ్డిలో అడ్డంగా పడి ఉంది. ఒక లింబు పొడుగునా చీలిపోయింది. మీ అత్తయ్య బయటికొచ్చి మొదట చూసింది నా వేళ్ళు. అవి రెయిల్ (నారి జారే బద్ద) కింద ఉన్నాయి గనక అన్నీ మిగిలాయి. బాగు చేయించబోతే డ్రై ఫైర్‌కి వారంటీ లేదన్నారు. వాళ్ళ తప్పూ కాదు, నేనే చూసుకోలేదు.

అందుకని నాక్ కొనడానికి దుకాణానికి వెళ్ళే ముందు నీ విల్లు మాన్యువల్ తియ్యి. సెకండ్ హ్యాండ్‌కి కాగితం రాకపోతే కంపెనీ సైట్లో మోడల్ పేరు కొట్టి దింపుకో. అందులో ఏ నాక్ అని రాసి ఉంటే అదే. దానికి దగ్గరగా ఉండేది కాదు, అంతకంటే మంచిదని ఎవరో చెప్పింది కూడా కాదు. ఎందుకంటే "మంచి నాక్" అని ఒకటి విడిగా లేదు, ఫలానా లాచ్‌కి సరిపడే నాక్ మాత్రమే ఉంది. కేబుళ్ళు లేని రికర్వ్ రకం క్రాస్‌బోలు చేసే ఎక్స్‌కాలిబర్ కంపెనీ వాళ్ళు చాలాకాలం చదును నాక్‌నే వాడమన్నారు. బార్నెట్ వాళ్ళు అర్ధచంద్రం అన్నారు. టెన్‌పాయింట్ వాళ్ళు చుట్టూ చిన్న చిన్న గాడులున్న ఆమ్నీ నాక్ తెచ్చారు. దాన్ని కాస్త అటూ ఇటూ తిప్పి పెట్టినా ఏదో ఒక గాడి నారికి అందుతుంది. తరవాత నారిని రెండు చెవుల మధ్య పట్టుకునే ఆల్ఫా నాక్‌కి వచ్చారు. రేవిన్ వాళ్ళ నాక్ అయితే నారికి టక్కుమని తగులుకోవాలి, ఆ చప్పుడు వినపడకపోతే బోల్ట్ సరిగ్గా ఎక్కనట్టే.

చెవుల నాక్ నారిని పట్టుకుంటుంది కదా, అదే అందరికీ మేలని నువ్వు అనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. కానీ చదును నాక్ కోసం చేసిన లాచ్‌లో ఆ చెవులకి చోటుండదు. బోల్ట్ వెనక దాకా వెళ్ళదు, నారికీ తోకకీ మధ్య ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోనే నారి వేగం పుంజుకుని సుత్తిలా దిగుతుంది. కొన్నిట్లో డ్రై ఫైర్ ఆపే చిన్న మీట ఒకటుంటుంది, బోల్ట్ తోక దాన్ని వెనక్కి నెడితేనే ట్రిగ్గర్ పని చేస్తుంది. తప్పు నాక్ పెడితే ట్రిగ్గర్ బిగుసుకుపోతుంది. దాన్ని బలవంతంగా నొక్కేవాళ్ళని చూశాను. నువ్వు ఆ పని చెయ్యకు.

ఇక కొలత. నీ బోల్టుల షాఫ్టులు (గొట్టంలాంటి కాడలు) కార్బన్‌వి కాబట్టి నాక్ లోపలికి దూరే రకం. పెట్టెల మీద 0.297, 0.300, 0.305 అంగుళాలని ఉంటుంది. తేడా తలవెంట్రుక మందం అంత. అంత తేడాకే ఒకటి వదులుగా ఆడుతుంది, ఇంకొకటి బలవంతంగా తోస్తే షాఫ్ట్ నోరు చీలుతుంది. చేతివిల్లు వాళ్ళు వదులు నాక్ కింద ప్లాస్టిక్ కవర్ ముక్క పెట్టి బిగిస్తారు, ఆ కిటుకు మనకి వద్దు. ఆన్‌లైన్‌లో "అన్నిటికీ సరిపోతుంది" అని అమ్మే పొట్లాలైతే ఉచితంగా ఇచ్చినా తీసుకోకు.

ప్లాస్టిక్, అల్యూమినియం గొడవ గురించి అడిగావు. మాన్యువల్ రెండూ ఒప్పుకుంటే నేను అల్యూమినియం వైపే మొగ్గుతాను. నవంబర్ చలిలో ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. అయితే అల్యూమినియం అంచు సొట్టపడి పదునెక్కితే నారి మధ్య చుట్టిన దారాన్ని కోస్తుంది. కాబట్టి దేన్ని వాడినా చేత్తో తడిమి చూడాల్సిందే.

ఈ తడిమే పని నేను ప్రతి దెబ్బకీ చేస్తాను. బోల్ట్ టార్గెట్ నుంచి లాగగానే బొటనవేలితో నాక్ చుట్టూ రాస్తాను. ప్లాస్టిక్‌లో తెల్లటి గీత కనపడితే పగులు మొదలైనట్టే, అక్కడే విరిచి పారేస్తాను. దాచుకుంటే రేపు మళ్ళీ బోల్టుల పెట్టెలోకి వస్తుంది. తరవాత నాక్‌ని తిప్పి చూస్తాను, తేలిగ్గా తిరిగితే పక్కన పెడతాను. షాఫ్ట్‌ని మొహానికి దూరంగా పట్టుకుని కొద్దిగా వంచుతూ వింటాను. చిటపట వినపడితే ఆ బోల్ట్ పని అయిపోయినట్టే. అన్నిటికంటే ఎక్కువ నాకులు పాడయ్యేది మన గురి బాగుండటం వల్లే. ఒకే చుక్కకి రెండు బోల్టులు వేస్తే రెండోది మొదటిదాని తోకలో దిగుతుంది. చిన్నప్పుడు ఉండేలుతో మామిడికాయ తొడిమకి కొట్టిన సంబరమే, కానీ ఇక్కడ ఇరవై డాలర్ల సంబరం. చుక్కకి ఒక్కటే వెయ్యి.

వెలుగు నాకులు నీ వయసువాళ్ళకి సరదా, కాదనను. సాయంత్రం ఆకుల్లో పడ్డ బోల్ట్‌ని వెతకడానికి బాగా పనికొస్తాయి. నేనూ వాడతాను. కానీ అందులోనూ ఆకారం మాన్యువల్ చెప్పిందే ఉండాలి, కొలత కూడా అంతే. బ్యాటరీ వల్ల తోక బరువు పెరుగుతుంది కాబట్టి ప్రాక్టీస్ కూడా వాటితోనే చెయ్యి. ఈ వెలుగు నాకుల మీద ఒక్కో రాష్ట్రానిది ఒక్కో నిబంధన, మీ పెన్సిల్వేనియాలో ఈ ఏటి వేట పుస్తకం తెరిచి చూసుకో. మీ దగ్గర 2009 నుంచీ విల్లు సీజన్‌లోనే క్రాస్‌బోని అనుమతిస్తున్నారు గానీ, అనుమతి ఉంది కదాని వివరాలు చదవకుండా అడవికి పోకు. ఇంకో మాట, ఊళ్ళో మీ బాబాయి కొడుకు దీన్ని తెమ్మని అడిగాడట. ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నేరం. సూట్‌కేస్‌లో పెట్టే ఆలోచన ఉంటే మానుకో.

బోల్ట్ బరువు కూడా మాన్యువల్ చెప్పినదానికి తగ్గకూడదు. వేగం కోసం తేలిక బోల్ట్ వేస్తే నాక్ ఎంత మంచిదైనా అది సగం డ్రై ఫైరే. ఆ బరువు గ్రెయిన్లలో రాస్తారు. నాలుగు వందల గ్రెయిన్లంటే దాదాపు 26 గ్రాములు, మీ ఇంట్లో వంటింటి తూకం చాలు. బోల్ట్ పెట్టాక వెనక దాకా, నారికి తగిలేదాకా నెట్టాలి. వేళ్ళు ఎప్పుడూ రెయిల్ కిందే ఉండాలి.

ఇప్పుడు నీ ఆరు బోల్టుల సంగతి. చదునువి రెండూ, ఆ ఆకుపచ్చదీ ఈ పూటే పక్కన పడెయ్యి. మిగిలిన మూడూ మాన్యువల్ దొరికాక చూద్దాం. విల్లు మోడల్ నంబర్ ఫోటో తీసి పంపు, షాఫ్ట్ నోరు కనపడేలా ఇంకొకటి. వచ్చే శనివారం నేనే కారులో వస్తాను, మందం కొలిచే నా డిజిటల్ కాలిపర్ తెస్తాను. కొలిచి, అప్పుడు దుకాణానికి వెళదాం.

మీ అత్తయ్య పంపే కారప్పొడి సీసా కూడా తెస్తున్నాను. దాన్ని టార్గెట్ దగ్గర పెట్టకు.

మామయ్య