అయ్యవారితో ఆటల ముచ్చట్లు: నిన్న మోసిన క్వార్టర్‌బ్యాక్‌ను నేడు తిడతారెందుకు?

ప్రశ్న: అయ్యవారికి నమస్కారం. మా అబ్బోడు అమెరికాలో, డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. వారాంతంలో ఫోన్ చేస్తే సగం మాటలు అక్కడి ఫుట్‌బాల్ గురించే. పోయిన ఏడాది ఒక క్వార్టర్‌బ్యాక్‌ను ‘దేవుడమ్మా’ అన్నాడు. ఆయన నంబరు వేసిన చొక్కా కూడా కొనుక్కున్నాడు. ఈ ఏడాది అదే మనిషిని ‘పనికిరానోడు’ అంటున్నాడు. టీవీలోనూ యూట్యూబ్‌లోనూ అందరూ అదే మాట అంటున్నారంట. ఏడాది తిరిగేలోపల దేవుడు పనికిరానోడు ఎట్లా అవుతాడు? నాకు ఆ ఆట తెలియదు. వాడితో దాని గురించి మాట్లాడాలంటే ఏమడగాలో చెప్పండి.
(ఒక తల్లి, గ్రీమ్స్‌పేట, చిత్తూరు)

జవాబు: అమ్మా, ఏడాదిలో మనిషి చెయ్యి మారదు. చుట్టూ ఉండేవాళ్లు మారతారు, ఎదురు నిలిచేవాళ్లు మారతారు. చెప్పేవాళ్ల నోరు అన్నిటికంటే ముందు మారుతుంది.

ముందు ఆట సంగతి నాలుగు ముక్కల్లో చెబుతాను. మన ఎస్వీయూ మైదానంలో పిలకాయలు కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదిది. రెండు కొసలూ మొనదేలిన బంతిని చేతబట్టుకుని ఆడతారు. పక్షానికి పదకొండు మంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, పోతే మళ్లీ నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. ప్రతిసారీ బంతి దాదాపుగా క్వార్టర్‌బ్యాక్ చేతికే వస్తుంది. తానే పరుగెత్తాలా, పక్కవాడికి అందించాలా, దూరంగా పోతున్నవాడికి విసరాలా అనేది అతను రెండున్నర, మూడు సెకన్లలో తేల్చుకోవాలి. ఆ లోపల ఎదుటి పక్షంవాళ్లు ఎద్దుల్లాగా మీదికొస్తుంటారు. వాళ్లను ఆపడానికి అతని ముందు ఐదుగురు అడ్డం నిలబడతారు. కుడిచేత్తో విసిరేవాడికి ఎడమ వైపు వెనకనుంచి వచ్చేది కనపడదు. ఆ పక్క కాపలా కాసేవాణ్ని లెఫ్ట్ టాకిల్ అంటారు. ఇతని పేరు ఆటను రోజూ చూసేవాళ్లలోనూ చాలామందికి తెలియదు. టీవీ కెమెరా బంతి వెంటే పోతుంది మరి.

2019లో దీపావళికి ఆరు రోజుల ముందు నేను న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. ఆ సోమవారం రాత్రి న్యూయార్క్ జెట్స్‌కు, న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌కు మ్యాచ్. జెట్స్ క్వార్టర్‌బ్యాక్ పేరు శామ్ డార్నల్డ్, అప్పటికి ఇరవై రెండేళ్లవాడు. 2018లో కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మూడోవాడిగా తీసుకున్నారు. 1969 తర్వాత సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, గెలవని జట్టును గట్టెక్కించేది ఇతనేనని ఊరంతా నమ్మింది. ఆ రాత్రి జెట్స్ 33-0తో ఓడింది. డార్నల్డ్ విసిరిన బంతులు నాలుగు ఎదుటివాళ్ల చేతుల్లో పడ్డాయి. మధ్యలో బెంచీ మీద కూర్చుని ‘నాకు దయ్యాలు కనిపిస్తున్నాయి’ అన్నాడు. ఒంటికి తగిలించిన మైకు ఆ మాటను దేశమంతటికీ వినిపించింది. ఎదుటివాళ్లు ఏ మూలనుంచి వస్తారో అంతుపట్టక, లేని మనిషి కూడా ఉన్నట్టు తోస్తోందని ఆ మాటకు అర్థం. ఆటగాళ్లకు తెలుసు ఆ బాధ. తెల్లారేసరికి అది దేశమంతా చెప్పుకునే వేళాకోళం అయిపోయింది.

మా అల్లుడు నవ్వుతుంటే ‘వెనక్కి తిప్పు నాయనా’ అన్నాను. తిప్పాడు. ఈసారి బంతిని చూడొద్దు, ముందు నిలబడిన ఐదుగురిని చూడు అన్నాను. పేట్రియట్స్‌వాళ్లు కొన్నిసార్లు ఆరుగురు, ఏడుగురు ఒక్కుమ్మడిగా దూకుతున్నారు. ఒకడు ఎవరి చెయ్యీ తగలకుండా నేరుగా వచ్చేస్తున్నాడు. డార్నల్డ్ పాదాలు నేలమీద కుదురుకోకముందే బంతి విసరాల్సి వస్తోంది. పాదం కుదరకుండా విసిరిన బంతి ఎక్కడికైనా పోతుంది. ముప్పై నాలుగేళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పిలకాయలకు గుండు విసరడం నేర్పినవాణ్ని, ఆ ఒక్కటీ నాకు బాగా తెలుసు. అతను తప్పులు చేయలేదని నేననను. నాలుగింటిలో కొన్ని అతని తప్పులే. అయితే అతని తప్పులేవో, మీద పడిన తప్పులేవో విడదీసినవాళ్లు ఆ రాత్రి టీవీలో నాకు కనపడలేదు.

ఇదే డార్నల్డ్ 2024లో మిన్నెసోటా వైకింగ్స్‌కు ఆడాడు. కోచ్ కెవిన్ ఓకానెల్. బంతి అందుకునేవాళ్లలో జస్టిన్ జెఫర్సన్ ఉన్నాడు, ఎక్కడికి విసిరినా లాక్కునే మనిషి. ఆ ఏడాది జట్టు 17 మ్యాచ్‌ల్లో 14 గెలిచింది. డార్నల్డ్ 35 టచ్‌డౌన్లు విసిరాడు, అంటే అన్నిసార్లు అతని విసురుతో బంతి ఎదుటివాళ్ల చివరి గీత దాటింది. దయ్యాల మాట చెప్పి నవ్వినవాళ్లే ‘మళ్లీ పుట్టాడు’ అన్నారు. ఆ వెంటనే 2025 జనవరిలో రెండు మ్యాచ్‌లు వరుసగా పోయాయి. రెండోది నాకౌట్, రామ్స్ మీద 27-9తో ఓటమి. ఆ రోజు అతన్ని బంతి చేతిలో ఉండగానే తొమ్మిదిసార్లు కింద పడేశారు. తొమ్మిదిసార్లు! మర్నాడు మళ్లీ పాత పాటే: ‘పెద్ద మ్యాచ్‌లో నీరుగారిపోయాడు’. ఆ మార్చిలోనే సియాటిల్ జట్టు అతన్ని పిలిచి తీసుకుంది.

ఇట్లా ఎందుకు జరుగుతుందో కూడా చెబుతాను. అక్కడ ఒక జట్టు సీజన్‌లో ఆడేది 17 మ్యాచ్‌లే, వారానికి ఒకటి. మిగతా ఆరు రోజులూ టీవీలో పొద్దుటినుంచి రాత్రిదాకా మాట్లాడుతూనే ఉండాలి. పదకొండు మంది గురించి మాట్లాడితే వినేవాడికి తల తిరుగుతుంది. ఒక్కడి గురించి మాట్లాడితే కథ అవుతుంది. అందుకే గెలిస్తే ఒక్కడికే దండ, ఓడితే ఒక్కడికే దండన. ఐదు మ్యాచ్‌లు కాగానే తీర్పు చెప్పేస్తారు. ఐదు మ్యాచ్‌లంటే మన క్రికెటర్‌కు ఒక్క సిరీస్.

1998 డ్రాఫ్ట్ ముందు ఇద్దరు కుర్రవాళ్ల గురించి అమెరికా అంతా వాదించుకుంది. పేటన్ మానింగ్ గొప్పా, రయాన్ లీఫ్ గొప్పా? మానింగ్‌ను మొదట, లీఫ్‌ను రెండోవాడిగా తీసుకున్నారు. మొదటి ఏడాది మానింగ్ 28 బంతులు ఎదుటివాళ్లకు అప్పజెప్పాడు. కొత్త ఆటగాడు ఒక సీజన్‌లో అన్ని పోగొట్టుకోవడం రికార్డు. జట్టు 16లో మూడే గెలిచింది. ఐదు మ్యాచ్‌ల తీర్పు చెప్పేవాళ్ల మాట ఆనాడు జట్టు యజమానులు విని ఉంటే? వినలేదు. అతను తర్వాత ఐదుసార్లు లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. లీఫ్ నాలుగైదేళ్లలో కనుమరుగయ్యాడు. టామ్ బ్రేడీ సంగతి ఇంకో రకం. 2000 డ్రాఫ్ట్‌లో 199వ పేరు అతనిది, అతనికంటే ముందు ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లను తీసుకున్నారు. 2001లో మొదటి ఆటగాడికి దెబ్బ తగిలితే గాని అతనికి చోటు దొరకలేదు. ఏడు సూపర్ బౌల్‌లు గెలిచి ఆట మానాడు. డ్రాఫ్ట్ ముందు కొలిచేవాళ్లంతా పరుగు కొలిచారు, ఎత్తు కొలిచారు. గోడ విరిగి మనుషులు మీద పడుతున్నప్పుడు కళ్లు ఎటు చూస్తాయో కొలవడానికి వాళ్ల దగ్గర టేపు లేదు.

మన సింధు సంగతి చూడండి. 2016లో రియోలో వెండి తెస్తే ఊరేగించాం. 2017, 2018 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనళ్లు పోయేసరికి ‘ఫైనల్ అంటే భయం’ అని రాశారు. 2017లో ఒకుహారాతో 110 నిమిషాలు ఆడి చివరి గేమ్ 20-22తో పోగొట్టుకున్న మనిషికి భయమా? 2019లో అదే ఒకుహారాను అదే ఫైనల్లో 21-7, 21-7తో ఓడించింది.

మీ అబ్బోడు ‘కప్పు గెలిచినవాడే గొప్ప’ అంటాడు, తప్పకుండా అంటాడు. అప్పుడు డాన్ మరీనో పేరు చెప్పండి. 1984లో ఒక్క సీజన్‌లో 48 టచ్‌డౌన్లు, 5,084 గజాలు విసిరాడు. పదిహేడేళ్లు ఆడాడు, కప్పు రాలేదు. ట్రెంట్ డిల్ఫర్‌కు వచ్చింది, 2001 జనవరిలో. ఆ ఏడాది అతని జట్టు బాల్టిమోర్ డిఫెన్స్, అంటే ఎదుటివాళ్లను ఆపే పదకొండు మంది, 16 మ్యాచ్‌ల్లో 165 పాయింట్లే ఇచ్చింది, అది రికార్డు. కప్పు గెలిచిన ఆ క్వార్టర్‌బ్యాక్‌ను జట్టువాళ్లు మరుసటి ఏడాది ఉంచుకోలేదు కూడా. జట్టుకు తెలుసు కప్పు ఎవరు తెచ్చారో. మానింగ్ రెండో కప్పు కూడా అట్లాంటిదే. 2016 ఫిబ్రవరిలో అతను విసిరింది 141 గజాలు, ఒక్క టచ్‌డౌన్ కూడా లేదు, గెలిపించింది డెన్వర్ డిఫెన్స్.

ఇక మీరు అడగాల్సింది. ‘నాయనా, పోయిన ఏడాది ఆయన ముందు నిలబడిన ఐదుగురూ ఈ ఏడాదీ ఉన్నారా? కోచ్ మారాడా? బంతి అందుకునేవాళ్లలో ఎవరికైనా దెబ్బ తగిలిందా?’ ఇవి అడగండి. ఆ తర్వాత ఇంకొకటి: ‘మూడో ప్రయత్నంలో ఇంకా ఎనిమిది గజాలు కావాలి, ఇతను విసురుతాడని మైదానంలో అందరికీ తెలుసు. అప్పుడు ఏం చేస్తున్నాడు?’ మీ అబ్బోడు కాసేపు మాట్లాడడు. మళ్లీ ఫోన్ చేస్తాడు, చూడండి.

ప్రశ్న: సార్, క్వార్టర్‌బ్యాక్‌కు ‘పాసర్ రేటింగ్’ అని ఒక అంకె వేస్తారు. గరిష్ఠం 158.3 అట, వంద కాకుండా ఆ లెక్కేమిటి? అంకె ఉన్నాక ఇక వాదన ఎందుకు?
(ఇంజనీరింగ్ విద్యార్థి, తిరుపతి)

జవాబు: ఆ లెక్క 1973లో లీగ్ తెచ్చింది బాబూ. నాలుగు భాగాలు: విసిరినవాటిలో ఎన్ని అందాయి, విసురుకు సగటున ఎన్ని గజాలు, ఎన్నింటికి టచ్‌డౌన్, ఎన్ని ఎదుటివాళ్లకు పోయాయి. ఒక్కో భాగానికి 2.375 మించనివ్వరు. నాలుగూ కలిపి, ఆరుతో భాగించి, నూరుతో గుణిస్తే 158.3 వస్తుంది. కాగితం మీద వేసి చూసుకో.

నీకిప్పుడు ఒక ఆట చెబుతాను. క్వార్టర్‌బ్యాక్ మూడు గజాల దూరంలో ఉన్నవాడికి మెల్లగా అందించాడు. వాడు నలుగురిని తప్పించుకుని డెబ్బై గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. లెక్కలో డెబ్బై మూడు గజాలూ, టచ్‌డౌనూ క్వార్టర్‌బ్యాక్ ఖాతాలోకే పోతాయి. తర్వాతి ఆటలో చక్కగా విసిరిన బంతి అందుకునేవాడి వేళ్లకు తగిలి, పైకి లేచి ఎదుటివాడి చేతిలో పడింది. ఆ పాపమూ క్వార్టర్‌బ్యాక్‌దే. ఇక అతను కాళ్లతో పరుగెత్తి తెచ్చిన గజాలకు ఈ లెక్కలో చోటే లేదు. బంతి పట్టుకుని కింద పడితే పోయిన గజాలకూ లేదు. అంకె అబద్ధం చెప్పదు, అడిగినదానికే జవాబు చెబుతుంది.

అంకెను పట్టించుకోకపోతే ఏమవుతుందో కూడా చూశాం. 2011లో డెన్వర్‌లో టిమ్ టీబో అనే కుర్రాడు ఓడిపోయే మ్యాచ్‌లను చివరి నిమిషాల్లో గెలిపిస్తూ పోయాడు. మోకాలి మీద కూర్చుని ప్రార్థించే అతని భంగిమను దేశమంతా అనుకరించింది. 2012 జనవరిలో పిట్స్‌బర్గ్ మీద ఓవర్‌టైమ్ మొదటి ఆటలోనే 80 గజాల టచ్‌డౌన్. నిజంగా గొప్ప క్షణమది. అయితే ఆ సీజన్‌లో అతను విసిరినవాటిలో సగం కూడా అందలేదు, 46.5 శాతమే. రెండు నెలల తర్వాత డెన్వర్ మానింగ్‌ను తెచ్చుకుని టీబోను పంపించేసింది. అంకె ఒక కన్ను బాబూ, ఆట చూడటం ఇంకో కన్ను. సూపర్ బౌల్ మనకు సోమవారం తెల్లవారి ఐదు గంటలకు మొదలవుతుంది. లేచి చూడు.

ప్రశ్న: మావాడు హైస్కూల్ కబడ్డీ జట్టులో రైడర్. పేపర్లో ‘చిచ్చరపిడుగు’ అని ఫొటో వేశారు. ఇంటిల్లిపాదీ సంతోషించాం. పోయిన నెల ఓడిపోతే వాడు అన్నం తినడం లేదు. ఏం చెప్పాలి?
(ఒక తండ్రి, చంద్రగిరి)

జవాబు: అయ్యా, మీ జాబు చదివితే నా బడిలో చదివిన పిలగాడు గుర్తొచ్చాడు. వాడికీ అదే బిరుదు ఇచ్చారు. జిల్లా ఫైనల్ రోజు కూతకు వెళ్లిన ప్రతిసారీ ఎదుట ఏడుగురూ నిండుగా నిలబడి ఉన్నారు. ఎందుకు? మా ఎడమ కార్నర్ పిల్లవాడు రెండు రోజుల ముందు జ్వరంతో పడుకున్నాడు. చీలమండ దొరికితే వదలని పట్టు వాడిది. వాడు లేక మావాళ్లు ఎవరినీ పట్టలేకపోయారు, కాబట్టి ఎదుటి పక్షంలో ఒక్కరూ బయటికి పోలేదు. ఏడుగురి మధ్యకు ఒక్కడు ఎన్నిసార్లు పోయి తిరిగొస్తాడు? మూడుసార్లు దొరికాడు. మర్నాడు పేపర్లో ‘చేతులెత్తేశాడు’ అని వేశారు. జ్వరంతో పడుకున్నవాడి పేరు మొదటి వార్తలోనూ లేదు, రెండో వార్తలోనూ లేదు. ఆ సాయంత్రం రైడర్‌ను సైకిల్ మీద కూర్చోబెట్టుకుని కార్నర్ పిల్లవాడి ఇంటికి తీసుకుపోయాను. ఇద్దరూ మంచం మీద కూర్చుని ఆ మూడు కూతలూ వేళ్లతో దుప్పటి మీద గీసుకుంటూ మాట్లాడుకున్నారు. వాళ్ల అమ్మ గంజి తెచ్చిస్తే మావాడు కూడా ఒక గ్లాసు తాగాడు.

మీవాడి మ్యాచ్ ఎవరైనా ఫోన్‌లో తీసి ఉంటే పత్రిక చిరునామాకు పంపండి. వాడు దొరికిన ప్రతి కూతా ఆపి ఆపి చూస్తాను, అప్పటికి లోపల మీవాళ్లు ఎంతమంది మిగిలారో లెక్కపెట్టి రాస్తాను. మీవాడితో పాటు రెండు మూలల్లో నిలబడిన పిల్లల పేర్లు కూడా రాసి పంపండి.