డయాఫ్రం ఎక్కడుందో నాకు కుడి భుజం చెప్పింది

ప్రశ్న: డయాఫ్రం (ఊపిరి ఆడించే కండ) ఛాతీలో ఉంటుందా, పొట్టలో ఉంటుందా? దానికి నొప్పి వస్తే ఎక్కడ తెలుస్తుంది?

భుజంలో తెలుస్తుంది. సరిగ్గా చొక్కా చెయ్యి కుట్టు పడే చోట. నవ్వకండి, పడ్డవాణ్ణి కాబట్టి చెప్తున్నా.

మాది కావలి దగ్గర, రొయ్యల చెరువులు. పిత్తాశయంలో రాళ్లున్నాయని నెల్లూరులో ఒక ఆసుపత్రిలో లాప్రోస్కోపీ (చిన్న కన్నాల్లోంచి చేసే ఆపరేషన్) చేసి దాన్ని తీసేశారు. కుట్ల దగ్గర పెద్ద బాధేం లేదు. మర్నాడు పొద్దున్నే లేచి కూర్చోగానే కుడి భుజంలో గునపం దించినట్టు నొప్పి! ఊపిరి లోపలికి తీస్తే ఇంకా ఎక్కువ. పడుకుంటే తగ్గిపోతుంది, లేస్తే మళ్లీ మొదలు.

మా అక్క గుండెపోటేనని ఏడుపు అందుకుంది. మా బావ మాత్రం తాపీగా, "ఏం లేదులే బామ్మర్దీ, గ్యాస్ అది. ఒక సోడా కొట్టు, పోద్ది" అన్నాడు. మా వైపు ఏ రోగానికైనా ముందు గ్యాస్ అనే అంటారు. మోకాలు నొప్పన్నా అంతే.

ఈసీజీ తీశారు, బాగానే ఉంది (బిల్లులో కూడా బాగానే వేశారు). తర్వాత డ్యూటీ డాక్టరమ్మ వచ్చి నా మెడ పక్కన వేలు పెట్టి, "నొప్పి వైరు ఇక్కడి నుంచి పోతుందండీ" అంది. విషయం ఏమిటంటే, లోపల చోటు చేసుకోవడానికి ఆపరేషన్ టైములో పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కిస్తారు. అయ్యాక వదిలేస్తారు గానీ కొంత మిగిలిపోతుంది. మనం కూర్చుంటే అది పైకి చేరి డయాఫ్రం అడుగున నిలుస్తుంది, అక్కడ మంట పుడుతుంది. డయాఫ్రాన్ని ఆడించే ఫ్రెనిక్ నరం మెడలోని 3, 4, 5 వెన్ను నరాల్లోంచి వస్తుంది. భుజం మీది చర్మానికి కబురు మోసే నరాలు కూడా 3, 4 నుంచే వస్తాయి. పాపం మెదడు, కబురు ఎక్కడిదో తేల్చుకోలేక భుజం మీదికి తోసేస్తుంది.

పొట్టకీ ఛాతీకీ మధ్యనున్న కండకి మెడ నుంచి నరమేంటి అని నాకూ అనుమానం వచ్చింది. అమ్మ కడుపులో నాలుగో వారంలో డయాఫ్రం మొదలయ్యేదే మెడ దగ్గరట. పిండం పెరిగేకొద్దీ కిందికి దిగుతుంది, తన నరాన్ని కూడా వెంటేసుకుని. అందుకే ఆ నరం గుండె పక్కగా అంత దూరం రావాల్సి వచ్చింది. సొంతూరు వదిలినా రేషన్ కార్డు మార్చుకోని రకం అన్నమాట.

అంటే మా బావ మాట ఒకరకంగా నిజమే, గ్యాసే. కాకపోతే పేగుల్లోది కాదు, పేగుల బయటిది. ఎన్ని సోడాలు తాగి తేన్చినా రాదు. రక్తంలో కలిసి ఊపిరితిత్తుల్లోంచి పోవాల్సిందే. ఆయన మాత్రం ఇప్పటికీ ఏ పెళ్లిలో కనబడినా "నేను అప్పుడే చెప్పలా?" అంటాడు.

అసలు నన్ను చంపింది గ్యాస్ కాదు, చూడ్డానికొచ్చిన జనం. పెద్దవాళ్లు గదిలోకొస్తే పడుకునే పలకరించలేం కదా. పెదనాన్న వచ్చాడని లేచి కూర్చున్నా, భుజం. ఆయన వెళ్లాక పడుకున్నా, హాయి. అంతలో వియ్యంకుల తరఫువాళ్లు, మళ్లీ లేచా, మళ్లీ భుజం. ఒకాయన పిత్తాశయం తీసేసిన మనిషి కోసమని మలైకాజాల డబ్బా తెచ్చాడు. తనే కూర్చుని తిన్నాడనుకోండి. విజిటింగ్ అవర్స్ బోర్డు గోడకి అందం కోసం పెడతారా?

మీరడిగింది ఎక్కడుంటుందని కదా. రెండింటి మధ్య. అయితే జనం అనుకునేంత కింద కాదు. అది గోపురంలా పైకి ఉబ్బి ఉంటుంది; ఊపిరి పూర్తిగా వదిలినప్పుడు కుడివైపు గోపురం దాదాపు చనుమొన ఎత్తుకు వస్తుంది. కింద కాలేయం ఉంది కాబట్టి ఎడమవైపు కంటే కుడివైపు ఎత్తు ఎక్కువ. అంచులు ముందు రొమ్ము ఎముక చివర, పక్కల కింది ఆరు పక్కటెముకలకి, వెనక నడుము పూసలకి అతుక్కుంటాయి. నడిమధ్యన మాత్రం కండ ఉండదు, గట్టి తెల్లటి పొర. గుండె సంచి దాని మీదే అతుక్కుని ఉంటుంది. చూడాలనుంటే ఆదివారం మటన్ కొట్టుకి పోయి పక్కటెముకల లోపలి అంచు చూడండి, పల్చటి ఎర్ర కండ, మధ్యలో మెరిసే తెలుపు. కోళ్లలో వెతక్కండి, పక్షులకి ఇలాంటి కండ ఉండదు.

దాంట్లో పెద్ద సిరకి, అన్నవాహికకి, బృహద్ధమనికి దారులుంటాయి. అన్నవాహిక దారి వదులైతే జీర్ణాశయం కొంత పైకి జారుతుంది, దాన్నే హయాటస్ హెర్నియా అంటారు. ఏళ్ల తరబడి గుండెల్లో మంటకి గ్యాస్ బిళ్లలు మింగేవాళ్లలో కొందరికి అసలు సంగతి ఇదే. ఎండోస్కోపీ అంటే భయం, బిళ్లలంటే భయం లేదు మనవాళ్లకి.

నా కోపమల్లా ఒకటే. ఆపరేషన్‌కి ముందు అన్ని కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటారు, "భుజం నొప్పి రావచ్చు, భయపడొద్దు" అని ఒక్క మాట చెప్పరు. మీరైనా ముందే అడగండి. మామూలుగా రెండు మూడు రోజుల్లో పోతుంది, కాస్త నడవమంటారు. కానీ భుజం నొప్పితో పాటు చెమటలు, ఆయాసం, ఛాతీ బిగుతు ఉంటే నా జవాబు చదువుతూ కూర్చోకండి, నర్సుని పిలవండి.