గినీ పిగ్ కళ్లలో శుక్లం: మనుషుల డ్రాప్స్ వేయొచ్చా? ఆపరేషన్ చేయించాలా?

ప్రశ్న: మాది గుంటూరు. ఇంట్లో రెండు గినీ పిగ్‌లు ఉన్నాయి, రెండూ ఆడవే. పెద్దదానికి నాలుగున్నరేళ్లు. రెండు నెలలుగా దాని కళ్లు రెండూ పాల రంగులోకి మారుతున్నాయి. గిన్నె ఎదురుగా పెట్టినా వాసన చూసుకుంటూ వెతుక్కుంటోంది. మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడుతోంది. ఈమధ్య నీళ్లు కూడా ఎక్కువగా తాగుతున్నట్టుంది. మా మామగారికి ఇటీవలే శుక్లం ఆపరేషన్ అయింది. ఆయన డ్రాప్స్ మిగిలితే అవే వేద్దామంటున్నారు. మా పాపకేమో ఇది గుడ్డిదైపోతుందని ఒకటే బెంగ. దీనికి కూడా ఆపరేషన్ చేస్తారా? నొప్పి ఉంటుందా? రెండోదానికి అంటుకుంటుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ డ్రాప్స్ సంగతి. వెయ్యకండి. శుక్లం ఆపరేషన్ తర్వాత మనుషులకు రాసే చుక్కల్లో సాధారణంగా ఒక యాంటీబయాటిక్, ఒక స్టెరాయిడ్ ఉంటాయి. అవి ఆపరేషన్ అయిన కంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ రాకుండా ఇచ్చేవి. శుక్లాన్ని అవి కరిగించవు. మీ గినీ పిగ్ కంటి మీద గడ్డిపుల్ల గీరుకుని చిన్న పుండు పడి ఉందనుకోండి, స్టెరాయిడ్ పడితే అది మానకపోగా లోతుకు దిగి కన్నే పోయే ప్రమాదం ఉంది. పైగా కిలో బరువు కూడా తూగని ప్రాణి అది. కంట్లో వేసిన మందు దాని ఒంట్లోకి మనలో కంటే ఎక్కువ మోతాదులో చేరుతుంది. శుక్లాన్ని కరిగిస్తాయంటూ ఆన్‌లైన్‌లో అమ్మే చుక్కల మందులు కూడా ఉన్నాయి. అవి పనిచేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు కాబట్టి నేను రాయను.

కన్ను తెల్లగా కనిపించినంత మాత్రాన అది శుక్లమే కానక్కర్లేదు. సాయంత్రం గదిలో లైటు తగ్గించి, దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఫోన్ టార్చ్‌ను ఎదురుగా కాకుండా పక్క నుంచి, కాస్త దూరంగా వేసి చూడండి. తెలుపు ఎక్కడుందన్నదే ముఖ్యం. కిటికీ అద్దం మీద పడిన మరక వేరు, అద్దం వెనక గదిలో కట్టిన తెర వేరు కదా. కంటి పైపొర నిగనిగలాడుతూ తేటగా ఉండి, దాని వెనక, కంటిపాప లోపల తెల్లటి గుండు కనిపిస్తే అది శుక్లం అయ్యే అవకాశమే ఎక్కువ. అలా కాకుండా పైపొర మీదే మసక ఉండి, కన్ను సగం మూసి, నీరు కారుతూ, అంచులు ఎర్రబడి ఉంటే అది కంటి పైపొర గాయం కావచ్చు. అది చాలా నొప్పి పెడుతుంది, ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి. డాక్టర్ కంట్లో ఒక రంగు చుక్క వేసి నీలి లైటులో చూస్తారు. గీత ఉన్న చోట పచ్చగా మెరుస్తుంది. రెండు నిమిషాల పరీక్ష అది.

వయసు మీద పడ్డ గినీ పిగ్‌ల కళ్లలో లేత నీలిరంగు మసక కూడా వస్తుంది. అది శుక్లం కాదు, దాంతో చూపు పెద్దగా తగ్గదు. ఇంకొన్నిటికి నల్లగుడ్డు చుట్టూ తెల్లటి వలయం ఏర్పడుతుంది. కంటిలోపల ఎముక లాంటి పదార్థం పేరుకోవడం వల్ల వచ్చేది అది. చూడ్డానికి కంగారుగా ఉన్నా చాలాసార్లు బాధపెట్టదు. రోజుకు ఒకట్రెండు సార్లు కళ్ల నుంచి పాలలాంటి ద్రవం కారి, దాన్ని ముందు కాళ్లతో తీసుకుని మొహం తుడుచుకుంటే అది రోగం కాదు, దాని స్నానం.

ఇక మీరు ఉత్తరంలో చివర్లో, మాటవరసకు అన్నట్టు రాసిన సంగతే నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది. నీళ్లు ఎక్కువ తాగుతోందన్నారు. గినీ పిగ్‌లకు శుక్లం వయసు వల్ల, వంశపారంపర్యంగా, దెబ్బ తగలడం వల్ల, కంటిలోపలి వాపు వల్ల రావచ్చు. షుగర్ వ్యాధి వల్ల కూడా వస్తుంది. రెండు కళ్లూ దాదాపు ఒకేసారి తెల్లబడటం, దాహం పెరగడం, అస్తమానం పరుపు తడిసిపోవడం, తింటూనే బరువు తగ్గడం కలిసి కనిపిస్తే షుగర్ పరీక్ష చేయించాల్సిందే. దాహం నిజంగా పెరిగిందో లేదో కొలిస్తేనే తెలుస్తుంది. రెండూ ఒకే బాటిల్ తాగుతుంటాయి కాబట్టి ఒక్క రోజు కేజ్ మధ్యలో జాలీ అడ్డం పెట్టి, దేని బాటిల్ దానికి ఇవ్వండి. పక్కపక్కనే ఉంటాయి కాబట్టి బెంగపెట్టుకోవు. పొద్దున ఒక గీత గీసి, మర్నాడు అదే వేళకు చూడండి. కిలో బరువుకు సుమారు 100 మిల్లీలీటర్లు మామూలు. ఆకుకూరలు ఎక్కువ తినేవి అంతకంటే తక్కువే తాగుతాయి. 900 గ్రాముల జీవి రోజూ 150 దాటుతుంటే అనుమానించాలి. ఎండలు మండే రోజుల్లో కాస్త ఎక్కువ తాగడం మామూలే, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

డాక్టర్ మూత్రంలో, రక్తంలో గ్లూకోజ్ చూస్తారు. భయపడినప్పుడు కూడా దీనికి షుగర్ పెరుగుతుంది కాబట్టి ఒక్క రీడింగ్ చూసి తేల్చకూడదు. షుగర్ అని తేలినా వెంటనే ఇన్సులిన్ గురించి టెన్షన్ పడకండి. పండ్లు, క్యారెట్, గింజలు కలిపిన మేత మానేసి గడ్డి పెంచితే చాలావాటికి అదుపులోకి వస్తుంది. వచ్చిన శుక్లం మాత్రం వెనక్కి పోదు.

శుక్లం దానంతటదిగా నొప్పి పెట్టదు. అంటువ్యాధి కూడా కాదు కాబట్టి రెండోదానికి గానీ, పాపకు గానీ ఏమీ కాదు. రెండూ ఒకే తల్లి పిల్లలైతే రెండోదానికి కూడా తర్వాత రావచ్చు, అది అంటుకోవడం వల్ల మాత్రం కాదు. శుక్లం వచ్చినదాన్ని ఎదకు కట్టకండి. 2010లో ప్రచురితమైన ఒక సర్వేలో 1,000 గినీ పిగ్‌ల కళ్లు పరీక్షిస్తే దాదాపు 45 శాతానికి ఏదో ఒక లోపం బయటపడింది. వాటిలో చాలావాటికి కంటి సమస్య ఉందని పెంచేవాళ్లకే తెలియదు. అవి అంత మామూలుగా తిరుగుతున్నాయన్నమాట.

ఆపరేషన్ చేస్తారా అంటే, చేయడం సాధ్యమే. మనుషులకు వాడే పద్ధతినే దీనికీ వాడొచ్చు. కానీ కన్ను చాలా చిన్నది, పరికరాలు, అనుభవం ఉన్న కంటి నిపుణులు కావాలి, మత్తు ఇవ్వడంలో రిస్కు కుక్క, పిల్లుల కంటే దీనికి ఎక్కువ. ఆ తర్వాత వారాల తరబడి రోజూ చాలాసార్లు చుక్కలు వేయాలి. పట్టుకున్న ప్రతిసారీ అది బెదురుతుంది. నాలుగున్నరేళ్లంటే దీని ఆయుష్షులో సగం దాటినట్టే, మామూలుగా ఐదు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతాయి. నా పెంపుడు జంతువైతే నేను చేయించను. శుక్లం జారి కంట్లో ఒత్తిడి పెరిగినా, లోపల వాపు వచ్చి నొప్పి పెడుతున్నా అప్పుడు వేరే మాట. కన్ను ఎర్రబడటం, ముందుకు ఉబ్బినట్టు కనిపించడం, ఎప్పుడూ మూసి ఉంచడం దానికి గుర్తులు. ఒక్క కన్నే ముందుకు పొడుచుకొస్తుంటే పళ్ల వేర్ల దగ్గర చీము ఉందేమో కూడా చూడాలి.

మీ పాపకు ఈ మాట చెప్పండి. గినీ పిగ్ మనలాగా కళ్ల మీద ఆధారపడి బతికేది కాదు. కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి చుట్టూ కనిపిస్తుంది గానీ, ఎంత దూరంలో ఉందో సరిగా అంచనా వేయలేదు. ముక్కు కింద గిన్నె ఉన్నా కంటితో కాక వాసనతో, మీసాలతోనే కనుక్కుంటుంది. ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడుకు, కొత్తిమీర కవరు గరగరకు అది ఎలా కేకలు పెడుతుందో మీకు తెలిసే ఉంటుంది. ఆ చెవులు, ఆ ముక్కు ఇప్పటికీ బాగానే ఉన్నాయి.

అందుకే వస్తువుల చోటు మార్చకండి. కేజ్ కడిగిన ప్రతిసారీ గిన్నె, నీళ్ల బాటిల్, దాక్కునే పెట్టె సరిగ్గా ఉన్నచోటే పెట్టాలి. తిండి దగ్గర కార్పెట్ ముక్క, బాటిల్ దగ్గర కాటన్ టవల్, ఇలా కాలికి తెలిసే తేడా ఉంటే వారంలో దారి నేర్చుకుంటుంది. కేజ్‌లో పై అంతస్తు, నిచ్చెన ఉంటే తీసేయండి. కొద్దిపాటి ఎత్తు నుంచి పడినా దీని కాళ్లకు, వెన్నెముకకు దెబ్బ తగలొచ్చు. దాక్కునే పెట్టెకు రెండు వైపులా దారి ఉండాలి. ఒక్క దారే ఉంటే రెండోది అడ్డం కూర్చున్నప్పుడు ఇది చిక్కుకుపోయి భయపడుతుంది. అట్టపెట్టెకు రెండు కన్నాలు కోస్తే సరిపోతుంది.

జబ్బు చేసిందని దీన్ని వేరే కేజ్‌లో పెట్టకండి. చూపు తగ్గినదానికి తోటిదే పెద్ద అండ. దాని అడుగుల చప్పుడు, దాని గుసగుసలు పట్టుకుని వెంట తిరుగుతుంది. పట్టుకునే ముందు పేరు పెట్టి పిలవండి, చేతిని ముక్కు దగ్గర ఆనించి వాసన చూడనివ్వండి, తర్వాతే ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి వెనక కాళ్ల కింద పెట్టి ఎత్తండి. పాపను మాత్రం నేల మీద కూర్చునే ఒళ్లోకి తీసుకోమనండి, నిలబడి వద్దు.

తిండిలో అసలు భాగం గడ్డే. ఎండబెట్టిన టిమొతీ గడ్డి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఖరీదు ఎక్కువ. పురుగుమందు పడని చోటి పచ్చి గరిక కోసి, కడిగి పెడితే ఇష్టంగా తింటాయి. వరిగడ్డి పరుపు కింద వేయడానికి తప్ప తిండిగా చాలదు, పైగా గరుకు పుల్లలు కంట్లో గుచ్చుకుంటాయి. చూపు లేనిది గడ్డిలోకి మొహం దూర్చేసి తింటుంది కాబట్టి గట్టి పుల్లలు ఏరేసి, ఎత్తులో కట్టకుండా నేల మీదే వేయండి. దీనికి విటమిన్ సి సొంతంగా తయారు చేసుకునే శక్తి లేదు. కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు బయటి నుంచి అందాలి. మామూలు సైజు క్యాప్సికంలో పావు వంతు, గుప్పెడు కొత్తిమీర పెడితే దాదాపు సరిపోతుంది. నీళ్లలో కలిపే విటమిన్ చుక్కలు వెలుతురుకు త్వరగా పాడవుతాయి, రుచి మారి నీళ్లు తాగడమే తగ్గించేస్తాయి కూడా. గోంగూర, పాలకూర ఎక్కువ పెడితే మూత్రంలో రాళ్లు రావచ్చు. ఉల్లి, వెల్లుల్లి, బంగాళదుంప, బిస్కెట్, పాలు అసలు వద్దు. విటమిన్ సి ఇస్తే శుక్లం తగ్గుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

రోజూ కంటి వంక చూస్తూ కూర్చోవడం కంటే వంటింటి త్రాసు మీద వారానికోసారి తూచి క్యాలెండర్ మీద రాసుకోండి. చూపు పోయిన గినీ పిగ్‌కు అసలు ముప్పు తిండి తగ్గడమే. 900 గ్రాములది 850కి వస్తే గిన్నె దొరుకుతోందా, రెండోది అడ్డుకుంటోందా చూడండి. 810కి వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పెంటికలు చిన్నవైనా, తగ్గినా తిండి తగ్గినట్టే. పూట మొత్తం, అంటే ఓ పన్నెండు గంటలు ఏమీ తినకపోతే అది ఎమర్జెన్సీ. దీని పేగులు ఖాళీగా ఉండకూడదు.

మీ దగ్గర ఎండాకాలం ఇంకో గండం. గది 28 డిగ్రీలు దాటితే దీనికి కష్టం, చూపున్నది చల్లటి మూలకు జరుగుతుంది, చూపు తగ్గిన ఇది వేడిలో ఉన్నచోటే ఉండిపోవచ్చు. గడ్డకట్టించిన నీళ్ల బాటిల్‌కు టవల్ చుట్టి, రోజూ ఒకే మూలలో పెట్టండి. కూలర్ గాలి నేరుగా తగలనివ్వకండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు ఫోన్ చేసి, కుందేళ్లు, గినీ పిగ్‌ల లాంటి చిన్న జంతువులను చూస్తారా అని అడగండి. మీకు దగ్గర్లో గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ కూడా అడిగి చూడొచ్చు. ఏ కారణానికైనా యాంటీబయాటిక్ రాస్తే ఇది గినీ పిగ్ అని మరోసారి గుర్తుచేయడానికి మొహమాటపడకండి. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ లాంటివి నోటి ద్వారా ఇస్తే పేగుల్లోని మంచి బాక్టీరియా చచ్చి ప్రాణమే పోవచ్చు. కొలిచిన నీళ్ల లెక్క, బరువుల చీటీ, టార్చ్ వేసి తీసిన కంటి ఫొటో వెంట తీసుకెళ్లండి. పొద్దున చల్లపూట, గాలి ఆడే బుట్టలో రెండింటినీ కలిపి తీసుకెళ్లండి, లోపల గడ్డి, రెండు కీరా ముక్కలు వేయండి. పరీక్ష కోసమని కడుపు ఖాళీగా ఉంచకండి, మత్తు ఇవ్వాల్సి వచ్చినా సరే, కుక్కలకు చెప్పినట్టు ముందురోజు రాత్రి నుంచి పస్తు దీనికి పనికిరాదు.