మళ్ళీ ఖుర్ఆన్ దగ్గరికి: బేటీకి ఒక ఉత్తరం

బేటీ,

అస్సలాము అలైకుం వ రహ్మతుల్లాహి వ బరకాతుహు.

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. రమజాన్‌లో రోజుకో పారా (ఖుర్ఆన్ ముప్పై భాగాల్లో ఒకటి) చదివినదానివి, ఇప్పుడు నెలల తరబడి ముస్‌హఫ్ (ఖుర్ఆన్ ప్రతి) తీయలేదని, ఏ మొహం పెట్టుకుని తెరవాలో తెలియడం లేదని రాశావు. పని ఎక్కువైంది, తీరిక లేదు అని కూడా రాశావు గానీ, నిన్ను ఆపుతున్నది తీరిక కాదు, ఆ సిగ్గే. అందుకే ముందు దాని సంగతి మాట్లాడతాను.

ఖుర్ఆన్‌లోని హదీద్ సూరా (అధ్యాయం) 16వ ఆయతులో (వాక్యంలో) అల్లాహ్ అడుగుతాడు: విశ్వసించినవారి మనసులు అల్లాహ్ స్మరణ ముందు, ఆయన దించిన సత్యం ముందు మెత్తబడే వేళ ఇంకా రాలేదా అని. పూర్వం గ్రంథం పొందినవారికి కాలం గడిచేకొద్దీ గుండెలు గట్టిపడ్డాయని, వారిలా కావద్దని అదే ఆయతులో హెచ్చరిస్తాడు. చాలామంది అక్కడిదాకా చదివి, అది తమ గురించేనని భయపడి ఆగిపోతారు. నువ్వు ఆగకు. తర్వాతి ఆయతు చూడు. చనిపోయిన నేలకు అల్లాహ్ మళ్ళీ ప్రాణం పోస్తాడని తెలుసుకోండి అంటాడు. గట్టిపడిన మనసుల ప్రస్తావన వచ్చిన వెంటనే ఈ మాట! ప్రాణం పోయడం ఆయన పని. ఆయన మాట ఎదుటికి వచ్చి కూర్చోవడం నీ పని.

అందుకని పాత బకాయి లెక్కలు వేయకు. ఇన్ని నెలలు పోయాయి, ఇన్ని పారాలు వెనకబడ్డాను, రోజుకు రెండు చదివితే సరిపోతుందా అని కూర్చుంటే మూడో రోజుకే విసుగొస్తుంది. అశ్రద్ధ చేశానని అనిపిస్తే మనసారా తౌబా చేసుకో, పశ్చాత్తాపపడి క్షమాపణ అడుగు, అంతటితో ఆ విషయం అల్లాహ్‌కు వదిలెయ్యి. ఇవాళ్టి వాటా ఇవాళ చదువు.

ఇంకో మాట. నమాజు మాత్రం వదల్లేదని రాశావు చూడు, అల్‌హందులిల్లాహ్, అంటే ఖుర్ఆన్‌తో నీ సంబంధం తెగిపోలేదు. ఫర్జ్ (తప్పనిసరి) రకాతులే, అంటే నమాజు ఆవృత్తులే, రోజుకు 17. అన్నిసార్లు ఖుర్ఆన్ మొదటి సూరా ఫాతిహా నీ నోటి మీదుగా వెళ్తోంది. సహీహ్ ముస్లిం అనే హదీసుల సంకలనంలో, ప్రవక్త (స) సహచరుడు హజ్రత్ అబూ హురైరా (రజి) చెప్పిన హదీసు (ప్రవక్త నోట విన్న మాట) ఒకటి ఉంది. నమాజును నాకూ నా దాసుడికీ మధ్య రెండు భాగాలుగా పంచాను అంటాడు అల్లాహ్. దాసుడు 'అల్‌హందు లిల్లాహి రబ్బిల్ ఆలమీన్' అనగానే, నా దాసుడు నన్ను స్తుతించాడు అంటాడు. 'ఇయ్యాక నఅబుదు వ ఇయ్యాక నస్తఈన్' (నిన్నే ఆరాధిస్తాం, నిన్నే సహాయం అడుగుతాం) దగ్గరికి వచ్చేసరికి, ఇది నాకూ నా దాసుడికీ మధ్య ఉన్నది, నా దాసుడు అడిగింది అతనికి దక్కుతుంది అంటాడు. ప్రతి ఆయతుకూ జవాబు వస్తోంది బేటీ. మనమే ఆ జవాబు కోసం ఆగకుండా ఏడు ఆయతులూ ఒకే ఊపిరిలో దాటేస్తున్నాం. ప్రవక్త (స) ఒక్కో ఆయతు దగ్గర ఆగి చదివేవారని ఆయన భార్య హజ్రత్ ఉమ్మె సలమా (రజి) చెప్పారు.

కాబట్టి మొదటి వారం కొత్తగా ఏమీ చేయకు. ముస్‌హఫ్ తీయకపోయినా పరవాలేదు. ఫాతిహాలో ఒక్కో ఆయతు తర్వాత ఒక్క క్షణం ఆగు, అంతే. ఇంత చిన్న పనితో ఏమవుతుందని అనుకోవద్దు. ఏళ్ళుగా పిల్లలకూ పెద్దవాళ్ళకూ ఖుర్ఆన్ చదవడం నేర్పుతున్నాను. తిరిగి వచ్చి నిలబడినవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడి నుంచి మొదలుపెట్టినవాళ్ళే.

రెండో వారం నుంచి ముస్‌హఫ్ తీసుకో. ఎంత చదవాలి అంటావు. ముజమ్మిల్ సూరా చివరి ఆయతులో అల్లాహ్, ఖుర్ఆన్‌లో మీకు సులువైనంత చదవండి అంటాడు. ఎందుకు సులువు చేశాడో కూడా చెబుతాడు: మీలో జబ్బు పడేవారుంటారు, ఆయన అనుగ్రహం వెతుక్కుంటూ భూమ్మీద తిరిగేవారుంటారు, ఆయన మార్గంలో పోరాడేవారుంటారు, అది ఆయనకు తెలుసు. నీ ఉద్యోగం, నీ ప్రయాణాలు, నీ అలసట అన్నీ తెలిసే ఆ మాట అన్నాడు. పైగా అదే ఆయతులో రెండుసార్లు అన్నాడు.

మదీనా ముద్రణ ముస్‌హఫ్‌లో 604 పేజీలుంటాయి, పేజీకి 15 వరుసలు. రోజుకు ఒక్క పేజీ చదివితే దాదాపు 20 నెలల్లో ఖుర్ఆన్ మొత్తం పూర్తవుతుంది. ఐదు నమాజుల తర్వాత ఒక్కో పేజీ చొప్పున చదివితే నాలుగు నెలలు. నువ్వు మాత్రం ఈ లెక్క చూసి ఐదు పేజీలతో మొదలుపెట్టకు. అర పేజీతో మొదలుపెట్టు. ఒంట్లో బాగాలేని రోజున, అతిథులు వచ్చిన రోజున, మనసు విరిగిన రోజున కూడా చదవగలిగినంత ఎంతో, అదే నీ వాటా. ఉత్సాహంగా ఉన్న రోజున ఎంత చదవగలవో చూసి పెట్టుకున్న వాటా నిలవదు. అల్లాహ్‌కు అన్నిటికన్నా ఇష్టమైన పని, కొంచెమైనా సరే, ఎడతెగకుండా చేసేదేనని ప్రవక్త (స) చెప్పిన హదీసు నీకు నోటికే వచ్చు. దాన్ని నీ విషయంలో నమ్మడమే మిగిలింది.

రమజాన్‌లో ఎవరెన్ని ఖతమ్‌లు (ఖుర్ఆన్ మొత్తం పూర్తిచేయడాలు) చేశారని పోటీలు పడటం చూస్తుంటాను. ఆ నెలలో ఎక్కువ చదవడం మంచిదే. ప్రతి రమజాన్‌లోనూ దైవదూత జిబ్రీల్ (అ) వచ్చి ప్రవక్తతో (స) కలిసి ఖుర్ఆన్ పునశ్చరణ చేసేవారు, చివరి ఏడాది రెండుసార్లు చేశారు. కానీ మూడు రోజులకన్నా తక్కువలో ఖుర్ఆన్ పూర్తిచేసేవాడికి అది అర్థం కాదని కూడా ప్రవక్తే (స) చెప్పారు. పండుగ మర్నాడు ముస్‌హఫ్ మూసి మళ్ళీ ఏడాదికి తెరవడం కన్నా, రమజాన్‌లో కాస్త తగ్గినా తర్వాతి నెల షవ్వాల్‌లో మిగిలేలా చదవడం మేలని నా అభిప్రాయం.

సమయం గురించి. ఫజ్ర్ (తెల్లవారుజాము నమాజు) తర్వాత చదవగలిగితే దానికి సాటి లేదు. ఫజ్ర్ వేళ ఖుర్ఆన్ పఠనానికి సాక్షులుంటారని ఇస్రా సూరా 78వ ఆయతు చెబుతోంది. ఆ వేళ నీకు కుదరకపోతే ఇషా (రాత్రి నమాజు) తర్వాత. ఏదైనా ఒక నమాజుకు అతికించి పెట్టుకో, 'ఖాళీ దొరికినప్పుడు' అని మాత్రం అనుకోకు, ఆ ఖాళీ రాదు. జానమాజ్ (నమాజు చాప) మీద నుంచి లేవకముందే చదివెయ్యి. ముస్‌హఫ్ చేతికి అందేంత దూరంలో ఉండనీ, గుడ్డలో చుట్టి ఎత్తైన చోట పెడితే మర్యాద దక్కుతుందేమో గానీ తిలావత్ (పఠనం) తప్పిపోతుంది. ఫోన్‌లో చదవడం తప్పేమీ కాదు. కాకపోతే అందులోకి ఎవరో ఒకరి సందేశం వస్తుంది, చెయ్యి అటు పోతుంది. ఈ మొదటి నెలల్లో మాత్రం కాగితం ముస్‌హఫే మంచిది.

ఒక రోజు తప్పితే? తప్పుతుంది, అందరికీ తప్పుతుంది. రాత్రి చదవాల్సిన వాటా నిద్రపట్టి తప్పిపోయినవాడు దాన్ని ఫజ్ర్‌కూ జుహ్ర్‌కూ (మధ్యాహ్న నమాజుకూ) మధ్య చదివితే, రాత్రే చదివినట్టు రాయబడుతుందని ప్రవక్త (స) చెప్పగా హజ్రత్ ఉమర్ (రజి) వినిపించారు. ఇది కూడా సహీహ్ ముస్లింలోనే ఉంది. ఎంత దయ చూడు! కాబట్టి తప్పిన రోజున పొద్దున్నే ఆ అర పేజీ చదివెయ్యి. 'ఇవాళ పోయింది కదా, వచ్చే శుక్రవారం నుంచి మళ్ళీ మొదలుపెడతా' అనే ఆలోచన వచ్చినప్పుడే నెలలు గడిచిపోతాయి.

ఇక చదివే తీరు. 'అఊజు బిల్లాహి' (అల్లాహ్ శరణు కోరుతున్నాను) అని చెప్పుకుని, నీకు వినబడేంత గొంతుతో చదువు. కళ్ళతో మాత్రమే చదివితే మనసు ఇంకెక్కడో తిరుగుతుంది. చదివిన ఆ అర పేజీకి మాత్రమే, నీకు బాగా అర్థమయ్యే భాషలో అనువాదం చూడు. అర్థం చూసుకున్నాక అందులో ఒక్క ఆయతు ఎంచుకుని మళ్ళీ చదువు, నాలుగుసార్లు చదువు. ఆ రోజంతా అది నీతో ఉండనీ. కరుణ గురించిన ఆయతు వస్తే ఆగి అడుగు, శిక్ష గురించినది వస్తే ఆగి శరణు కోరు. ఒక రాత్రి ప్రవక్త (స) అలాగే చదివారని, ఆయన పక్కన నిలబడి నమాజు చేసిన హజ్రత్ హుజైఫా (రజి) చెప్పారు. మరో రాత్రి తెల్లవార్లూ ఒకే ఆయతు చదువుతూ నిలబడ్డారట ప్రవక్త (స). అది మాయిదా సూరా 118వ ఆయతు: నీవు వారిని శిక్షిస్తే వారు నీ దాసులే, క్షమిస్తే నీవే సర్వాధిక్యుడివి, వివేకవంతుడివి. ఆయనే ఒక ఆయతు దగ్గర అంతసేపు ఆగితే, పేజీ తిప్పడానికి మనకెందుకింత తొందర?

ఎక్కడ మొదలుపెట్టాలి? ఖుర్ఆన్ మొదట్లోని బఖరా సూరా నుంచి వరసగా వెళ్ళాలని నియమమేమీ లేదు. నువ్వైతే జుహా సూరాతో మొదలుపెట్టు. పదకొండు చిన్న ఆయతులు. వహీ (దైవసందేశం) కొంతకాలం ఆగిపోయి, ప్రవక్త (స) కలత చెందినప్పుడు, విరోధులు నీ ప్రభువు నిన్ను వదిలేశాడని ఎత్తిపొడిచినప్పుడు దిగిన సూరా అది. నీ ప్రభువు నిన్ను విడిచిపెట్టలేదు, నీపై ఆగ్రహించనూ లేదు అని ఉంది అందులో. ఆ తర్వాత నీకు కంఠస్థమైన సూరాలన్నీ అర్థంతో ఒకసారి చూసుకో. నోటికి వచ్చినవాటిని నమాజుల్లో మార్చి మార్చి చదువుతూ ఉండు. ఖుర్ఆన్ కంఠస్థం చేసినవాడు కట్టేసిన ఒంటెల యజమాని లాంటివాడని, కనిపెట్టుకుని ఉంటే నిలుస్తాయి, వదిలేస్తే వెళ్ళిపోతాయని ప్రవక్త (స) అన్నారు. అవి అయ్యాక యూసుఫ్ సూరా చదువు. కథ మొత్తం ఒకేచోట ఉంటుంది కాబట్టి రేపటి భాగం కోసం మనసు ఎదురుచూస్తుంది.

నెలసరి వల్ల నమాజు లేని రోజుల్లోనే తెగిపోతోందని రాశావు. ఆ రోజుల్లో తిలావత్ చేయవచ్చా లేదా అన్నదానిలో పండితుల మధ్య భేదాభిప్రాయం ఉంది. నువ్వు నమ్మే ఆలిమా (మత పండితురాలు) చెప్పినట్టు చెయ్యి. కానీ వినడానికి అడ్డేమీ లేదు. తాను ఆ రోజుల్లో ఉండగానే ప్రవక్త (స) తన ఒడిలో తలవాల్చి ఖుర్ఆన్ చదివేవారని ఆయన భార్య హజ్రత్ ఆయిషా (రజి) స్వయంగా చెప్పారు. కాబట్టి రోజూ చదివే అదే సమయానికి అదే చోట కూర్చుని, ఆ అర పేజీ ఒక మంచి ఖారీ (ఖుర్ఆన్ పఠించేవారు) గొంతులో విను, తఫ్సీర్ (వ్యాఖ్యానం) చదువు. రోజులు గడిచాక ఎక్కడ ఆపావో వెతుక్కోనక్కర్లేదు.

వినడాన్ని తక్కువ చేయకు. నీ మీద దిగిన ఖుర్ఆన్‌ను నీకు నేను చదివి వినిపించాలా అని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) అడిగితే, ఇతరుల నోట వినడం నాకిష్టం అన్నారు ప్రవక్త (స). నిసా సూరా 41వ ఆయతు దాకా వచ్చేసరికి ఇక చాలన్నారు, ఆయన కళ్ళు వర్షిస్తున్నాయి. అయితే వంట చేస్తూనో ప్రయాణం చేస్తూనో వినేది నీ వాటా కింద లెక్కపెట్టకు. అది అదనం.

చదివినా ఏమీ అనిపించని రోజులుంటాయి. కళ్ళు తడవవు, మనసు కదలదు. అప్పుడు కూడా వాటా చదివి లే. ఈ గ్రంథం ప్రవక్త (స) గుండె మీదకే 23 ఏళ్ళ పాటు కొంచెం కొంచెంగా దిగింది. ఒకేసారి ఎందుకు దించలేదని అవిశ్వాసులు అడిగితే, నీ హృదయాన్ని దీనితో దృఢపరచడానికే ఇలా అని ఫుర్ఖాన్ సూరా 32వ ఆయతులో అల్లాహ్ జవాబిచ్చాడు. ఆ హృదయానికే అంత వ్యవధి ఇచ్చినప్పుడు, నీ మనసు పది రోజుల్లో మారలేదని నిరాశపడతావెందుకు?

చదువుతుంటే నాలుక తడబడుతోందని, అక్షరాలు మర్చిపోయినట్టుందని చివర్లో రాశావు. తడబడుతూ, కష్టపడుతూ చదివేవారికి రెండు ప్రతిఫలాలున్నాయని ప్రవక్త (స) చెప్పారు, కాబట్టి దానికి బెంగ వద్దు. కానీ తజ్వీద్ (ఉచ్చారణ నియమాలు) సరిచేసుకోవడం మాత్రం వాయిదా వేయకు, అది ఒంటరిగా కుదిరే పని కాదు. వారానికి ఒకసారి ఎవరికైనా వినిపించు. మీ దగ్గర ఎవరూ లేకపోతే నేనున్నాను. జుహా సూరా చదివి రికార్డు చేసి పంపు, అరబీ అక్షరాలు హాలూ హేలూ, ఐనూ హంజాలూ ఎక్కడ కలిసిపోతున్నాయో చూసి చెబుతాను. ఆదివారం ఫజ్ర్ తర్వాత నాకు తీరికే.

దువాలతో,
నీ ఖాలా