పొద్దు తగ్గక ముందే సిద్ధపడు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. చలికాలం వచ్చిందంటే ఎంత నిద్రపోయినా లేవబుద్ధి కావడం లేదనీ, ఇదంతా నీ బద్ధకమేమోననీ రాశావు. బద్ధకం కాదమ్మా. ఏటా ఒకే కాలంలో మొదలై, పగళ్లు పెరిగేసరికి దానంతటదే తగ్గుతూ, వరుసగా రెండేళ్లయినా ఇలాగే జరిగితే వైద్యులు దాన్ని రుతువుతో ముడిపడిన డిప్రెషన్‌గా చూస్తారు. అమెరికాలో మానసిక వైద్యుడు నార్మన్ రోసెంథాల్ బృందం 1984లోనే దీన్ని వివరించి పేరు పెట్టింది.

అతినిద్ర, తీపి మీదా పిండి పదార్థాల మీదా యావ, బరువు పెరగడం, మనుషులను తప్పించుకు తిరగడం దీని ముఖ్య లక్షణాలు. కొద్దిమందికి వేసవిలో వస్తుంది. వాళ్లకు నిద్ర పట్టదు, ఆకలి వేయదు, ఊరికే చిరాకు. ఏ నెలలో ఏది మొదలైందో డైరీలో రాసుకో. వైద్యుడికి అంతకన్నా పనికొచ్చేది లేదు.

ఏళ్ల తరబడి దీన్ని భరించినదాన్ని కనుక గట్టిగా చెబుతున్నాను: ఉదయపు వెలుగును వదులుకోకు. మబ్బు పట్టిన రోజైనా బయటి వెలుగు ఇంట్లో దీపాలకు ఎన్నో రెట్లు ఎక్కువ. లేచిన గంటలోపే బయట నడువు. అది కుదరని చోట పదివేల లక్స్ (లక్స్ అంటే వెలుగు కొలత) వెలుగునిచ్చే చికిత్స దీపం ఉంటుంది. అతినీలలోహిత కిరణాలను ఆపేదే ఎంచుకో. దాని ముందు అరగంట కూర్చుని చదువుకో, నేరుగా దానిలోకి చూడకు. సాయంత్రం వాడితే ఉన్న నిద్ర కూడా చెడుతుంది. కంటి జబ్బులున్నా, మనసు ఒక్కోసారి హద్దు లేని హుషారుకు పోయే బైపోలార్ ఉన్నా వైద్యుణ్ణి అడగకుండా దాన్ని ముట్టుకోవద్దు. ఆ దీపం బైపోలార్ ఉన్నవాళ్లను ఉన్మాదంలోకి నెట్టే ప్రమాదం ఉంది.

ఇవన్నీ దిగులు కమ్మాక మొదలుపెట్టడం చాలా కష్టం. నీ డైరీలో రాసుకున్న నెలకు కొన్ని వారాల ముందే మొదలుపెట్టు. నడకకు ఎవరినైనా ఇప్పుడే తోడుకు ఒప్పించు, ఎందుకంటే అప్పుడు అడగాలని కూడా అనిపించదు.

రెండు వారాలైనా పని, తిండి, నిద్ర గాడిన పడకపోతే వైద్యుడి దగ్గరకు వెళ్లు. ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే చికిత్స ఉంది, మందులూ ఉన్నాయి. నయమైందనిపించగానే వాటిని నీ అంతట నువ్వే మానేయకు.

బతకాలనిపించని క్షణం వస్తే మాత్రం తెల్లవారేదాకా ఆగకు. వెంటనే దగ్గరున్న వాళ్లకు చెప్పు, ఆసుపత్రికి వెళ్లు, నాకు ఫోను చెయ్యి. ఏ వేళైనా సరే.

ఆశీస్సులతో,
పెద్దమ్మ