రాడార్ లెక్కల ప్రాజెక్టుతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ థర్డ్ ఇయర్. రాడార్ తరంగాలు విమానానికి తగిలి ఎలా చెదిరిపోతాయో ప్యారలల్ కంప్యూటింగ్‌తో లెక్కగట్టే ప్రాజెక్టు చేస్తానంటోంది. తోటి పిల్లలంతా అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకుంటున్నారు. ఈమె ఎటూ కాకుండా పోతుందేమోనని భయం.
- ఓ తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: ఇదీ సాఫ్ట్‌వేరేనండీ, కాకపోతే కాస్త మొండి రకం. 10 గిగాహెర్ట్జ్ రాడార్ తరంగం పొడవు 3 సెంటీమీటర్లు. ఇలాంటి లెక్కలకు వాడే మొమెంట్స్ పద్ధతిలో వస్తువు ఉపరితలాన్ని తరంగం పొడవులో పదో వంతు, అంటే సుమారు 3 మిల్లీమీటర్ల అంచులున్న త్రికోణాలుగా విడగొడతారు. ఒక్కో అంచుకూ ఒక్కో తెలియని విలువ, అంటే అక్కడ పుట్టే కరెంటు ఎంతో కనుక్కోవాలి. అవి లక్ష ఉన్నాయనుకోండి, లక్ష అడ్డం లక్ష నిలువు మ్యాట్రిక్స్ తయారవుతుంది. గడికి 16 బైట్ల చొప్పున 160 జీబీ మెమరీ! మీ ఇంట్లో ల్యాప్‌టాప్ అక్కడే చేతులెత్తేస్తుంది. విమానం మొత్తానికైతే తెలియని విలువలు కోట్లలో ఉంటాయి. దూరంగా ఉన్న త్రికోణాల ప్రభావాన్ని గుంపులుగా కలిపి లెక్కగట్టి మెమరీ ఆదా చేసే మల్టీలెవెల్ ఫాస్ట్ మల్టీపోల్ పద్ధతి, పనిని వందల ప్రాసెసర్లకు పంచే ఎంపీఐ ప్రోగ్రామింగ్ అవసరమయ్యేది అందుకే.

ఉద్యోగాల మాటకొస్తే, ఒట్టి బీటెక్‌తో ఈ రంగంలో అడుగుపెట్టడం కష్టం. ఎంటెక్ దాదాపు తప్పదు, పీహెచ్‌డీ అయితే మరీ మంచిది. గేట్ ఈసీ పేపర్ సీరియస్‌గా రాయమనండి. ఎంటెక్ సీటుకే కాదు, డీఆర్‌డీఓ సైంటిస్ట్-బి ఎంపికకూ ఆ స్కోరు చూస్తారు. ఆర్‌సీఐ, డీఎల్ఆర్ఎల్ లాంటి డీఆర్‌డీఓ ల్యాబులు మన ఊళ్లోనే ఉన్నాయి. కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవా సూపర్ కంప్యూటర్ ఉంది. ఒకవేళ రాడార్ కలిసిరాకపోయినా, ఎంపీఐ, జీపీయూ ప్రోగ్రామింగ్ బాగా వచ్చినవాళ్లకు వాతావరణ అంచనాల్లో, ఏఐలో పని దొరుకుతుంది.

అయితే ఆసక్తి నిజమో కాదో ముందు తేల్చుకోవాలి. ఈ సెలవుల్లో ఒక లోహపు గోళానికి తగిలి తరంగాలు ఎలా చెదురుతాయో లెక్కగట్టే కోడ్ సొంతంగా రాయమనండి. గోళానికి కచ్చితమైన జవాబు గుస్టావ్ మీ (Mie) అనే శాస్త్రవేత్త 1908లో ఇచ్చిన ‘మీ సిరీస్’ అనే సూత్రంలో దొరుకుతుంది, దాంతో సరిపోల్చుకోవచ్చు. తర్వాత అదే కోడ్‌ను 16 ప్రాసెసర్ కోర్ల మీద నడపమనండి. పనిలో ఇరవయ్యో వంతు పంచడానికి వీల్లేనిదైతే, వేగం 16 రెట్లు కాదు, 9 రెట్లే పెరుగుతుంది. మిగతా వేగం ఎక్కడ కారిపోతోందో వెతుకుతూ అన్నం కూడా మరిచిపోయిందా, నిశ్చింతగా పంపండి. రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌లో బటన్ నొక్కి రంగురంగుల బొమ్మలు తీసుకుంటే చాలనుకుందా, అమీర్‌పేటే నయం.

ప్రాజెక్టు ఒప్పుకునే ముందు మాత్రం గైడ్‌ను ఒక్క మాట అడగమనండి: క్లస్టర్‌లో, అంటే చాలా కంప్యూటర్లను కలిపి నడిపే వ్యవస్థలో, లాగిన్ ఎప్పుడు ఇప్పిస్తారు అని.