గడ్డ మాటల కేంద్రం దగ్గరుంటే మొత్తం తీయించాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. కుడిచేతి వాటం. నెల రోజులుగా మాట తడబడుతోంది, ఒకసారి ఫిట్స్ వచ్చాయి. ఎంఆర్‌ఐలో మెదడు ఎడమవైపు, చెవి పైభాగాన 4 సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. గ్లయోబ్లాస్టోమా (మెదడులో వేగంగా పెరిగే క్యాన్సర్) కావచ్చని, మాటల కేంద్రానికి ఆనుకుని ఉంది కాబట్టి ఆపరేషన్‌లో కొంత వదిలేయాల్సి రావచ్చని అంటున్నారు. మా పెదనాన్నగారి అల్లుడికి నుదుటి వెనక ఇంతకంటే పెద్ద గడ్డ ఉంటే మొత్తం తీసేశారు. ఆరేళ్లయింది, నిక్షేపంగా ఉన్నారు. గడ్డ ఉన్న చోటును బట్టి ఆయుష్షు మారుతుందా? మొత్తం తీసే డాక్టరు కోసం వెతకాలా?
– ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: ముందు మీ బావగారి పాత బయాప్సీ రిపోర్టు తీసి చూడండి. పెద్ద గడ్డ మొత్తం తీసేశాక ఆరేళ్లు తిరిగి రాలేదంటే అది మెనింజియోమా అయ్యుండే అవకాశం ఎక్కువ. మెదడును కప్పి ఉన్న పొరలో పుట్టి, మెదడును పక్కకు నెడుతూ పెరిగే రకం అది. పుర్రె పైభాగం కింద ఉంటే పొరతో సహా తీసేయొచ్చు. అదే గడ్డ పుర్రె అడుగున నరాలను, రక్తనాళాన్ని చుట్టుకుని ఉంటే కొంత వదిలేయక తప్పదు, అది మళ్లీ పెరగొచ్చు. గ్లయోబ్లాస్టోమా తీరు వేరు. గరిక వేళ్లలా చుట్టూ ఉన్న మెదడులోకి పాకిపోతుంది. కంట్రాస్ట్ ఇంజెక్షన్ ఇచ్చాక ఎంఆర్‌ఐలో తెల్లగా మెరిసే భాగాన్ని పూర్తిగా తీస్తే దాన్నే మేం ‘మొత్తం తీశాం’ అంటాం. మెరుపు అవతల కూడా కణాలు ఉంటాయి.

ఇక చోటు సంగతి. కుడివైపు నుదుటి భాగం ముందు కొసలో ఉంటే అంచు దాటి కూడా తీయడానికి వీలుంటుంది. మెదడు నడిమధ్య లోతున ఉండే థాలమస్‌లో, మెదడును వెన్నుపాముతో కలిపే బ్రెయిన్ స్టెమ్‌లో ఉంటే చాలాసార్లు సూదితో ముక్క తీసి పరీక్షకు పంపడం దగ్గరే ఆగాలి. పిల్లల్లో బ్రెయిన్ స్టెమ్‌లో వ్యాపించే గ్లయోమాకు (మెదడులోని ఆధార కణాల్లో పుట్టే గడ్డకు) ఆపరేషన్ చేసి తీయడమనేదే ఉండదు, రేడియేషన్ ఇచ్చినా చాలామంది ఏడాదికి మించి బతకరు. నుదుటి భాగపు గడ్డల ఫలితాలు మెరుగ్గా ఉండటానికి ఇంకో కారణం, ఐడీహెచ్ అనే జన్యువులో మార్పు ఉన్న, నెమ్మదిగా పెరిగే గడ్డలు ఎక్కువగా అక్కడే పుట్టడం. ఆ మేలు అంతా చోటు ఖాతాలో వేయకూడదు.

మీ నాన్నగారిది మధ్యస్థమైన చోటు. ఎక్కువ తీస్తే ఎక్కువకాలం బతుకుతారన్నది నిజమే. కానీ తీసే క్రమంలో కొత్తగా మాట పడిపోయినా, కాలూచేయీ పడిపోయినా ఆ లాభం పోతుంది. మంచాన పడ్డ మనిషికి కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకడుతుంది, నిమోనియా వస్తుంది. ఆపరేషన్ తర్వాత 3 నుంచి 6 వారాల్లో మొదలవ్వాల్సిన రేడియేషన్ వాయిదా పడుతుంది. ఆ చికిత్స పోగొట్టుకోదగ్గది కాదు. 2005లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనంలో రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవారిలో సగం మంది 12.1 నెలలు దాటితే, టెమోజొలొమైడ్ అనే కీమో మాత్రలు కూడా కలిపినవారిలో సగం మంది 14.6 నెలలు దాటారు. రెండేళ్లకు బతికున్నవారు వందలో 10 మంది నుంచి 26కు పెరిగారు. చేదు లెక్కే, కానీ దాచి లాభం లేదు. అందుకే ‘కొంత వదిలేస్తాం’ అన్న మీ సర్జన్‌ను చేతకానివాడని అనుకోకండి.

అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మెలకువగా ఉంచి ఆపరేషన్ చేస్తారా? తల చర్మానికి మత్తు సూదులు ఇచ్చి పుర్రె తెరుస్తారు, మెదడుకు నొప్పి తెలియదు. తర్వాత రోగిని పూర్తిగా లేపి నాలుగైదు సెకన్లకో బొమ్మ చూపిస్తారు. ‘ఇది గొడుగు’, ‘ఇది చేట’ అని చెబుతుండగా, 5 మిల్లీమీటర్ల ఎడంతో రెండు మొనలున్న పరికరంతో మెదడు మీద ఒక్కో చోట కొద్దిపాటి కరెంటు తాకిస్తారు. ‘ఇది... ఇది...’ అని ఆగిపోయి, కరెంటు తీయగానే పేరు గుర్తొస్తే అక్కడ నంబరు చీటీ పెడతారు. ఆ చీటీకి సెంటీమీటరు దూరం వరకు తీయడం క్షేమం. పరీక్ష ఆయన ఇంట్లో మాట్లాడే తెలుగులోనే జరగాలని పట్టుబట్టండి. రెండు భాషలు వాడేవారికి ఒక్కో భాషకు వేరే చోట్లు కూడా ఉంటాయి. ముందురోజు బొమ్మలన్నీ చూపించి, ఆయన గుర్తుపట్టలేనివి పక్కన పెట్టేస్తారు. సగం బొమ్మలకు పేరు చెప్పలేకపోతే ఈ పద్ధతి పనికిరాదు. అయితే వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు డెక్సామెథసోన్ మొదలుపెట్టిన కొన్ని రోజులకు వాపు తగ్గి మాట తరచుగా కుదుటపడుతుంది, అప్పుడు మళ్లీ చూడొచ్చు. ఆ మందును మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు. షుగరు పెంచుతుంది కాబట్టి రక్తపరీక్ష చేయిస్తుండండి. ఫిట్స్ మాత్ర ఆపరేషన్ రోజు ఉదయం కూడా వేయాలా అని అడిగి తెలుసుకోండి, సాధారణంగా వేయమంటారు.

ఆపరేషన్ అయ్యాక మొదటి రోజుల్లో మాట ఇంకా తగ్గినట్టు అనిపిస్తే కంగారు పడకండి. అది వాపు వల్ల అయితే వారాల్లో తిరిగొస్తుంది. మగత పెరగడం, వాంతులు, జ్వరం, కుట్ల నుంచి నీరు కారడం, ఒక కాలు వాయడం మాత్రం రేపటిదాకా ఆగే విషయాలు కావు. ఎంత మిగిలిందో తెలియడానికి 48 నుంచి 72 గంటల్లోపే ఎంఆర్‌ఐ తీయించాలి. ఆలస్యమైతే ఆపరేషన్ గాయం కూడా తెల్లగా మెరిసి, మిగిలిన గడ్డలా కనిపిస్తుంది. బయాప్సీలో ఐడీహెచ్, ఎంజీఎంటీ పరీక్షలు చేయమని అడగండి. ఎంజీఎంటీ జన్యువు మూతబడి ఉంటే టెమోజొలొమైడ్ మాత్రలు బాగా పనిచేస్తాయి.

రెండో అభిప్రాయం తీసుకోవడం మంచిదే. ఫిల్ములు చాలవు, ఎంఆర్‌ఐ సీడీ తీసుకెళ్లండి. మెలకువ ఆపరేషన్ చేసే సర్జన్‌నే అడగండి, వారం దాటనివ్వకండి.